వేసవి చివరి ద్రాక్షరసం

పోయిన వారం అనకాపల్లిలో ఒక కొట్లో ఎండుద్రాక్ష పొట్లాలు కొన్ని పక్కకి తీసి పెడుతున్నారు. ఎందుకని అడిగితే, తెల్లగా బూజు పట్టాయమ్మా, పారేస్తాం అన్నాడు కొట్టువాడు. ఒక కాయ తీసి వేళ్ల మధ్య నలిపి చూశాను. బూజు కాదు. లోపలి తీపి పైకి తేలి గట్టిపడింది, అంతే. సగం ధరకి నాలుగు పొట్లాలు తీసుకుని ఇంటికొచ్చాను. మా కోడలు మొహం చిట్లించింది. నేను జవాబు చెప్పలేదు. ఈ సంగతి నాకు నేర్పినావిడ కూడా అలాంటి మొహాలకి జవాబు చెప్పేది కాదు.

ఆవిడ పేరు రాయను. ఊళ్లో పేరు పెట్టి పిలిచినవాళ్లు ఎవరూ లేరు. అందరికీ బైబిలమ్మే. మిషను వాళ్లు నెలకింత అని ఇచ్చి ఊళ్లమ్మట తిప్పే ఆడమనిషి. ఇంటింటికీ వెళ్లి ఆడవాళ్లకి బైబిలు చదివి వినిపించాలి, అక్షరాలు నేర్పాలి, పిల్లలకి గజ్జి లేస్తే గంధకం నూనె రాయాలి. నేను రెండో తరగతితో బడి మానేసిన మనిషిని. ఈ నాలుగు మాటలు ఇవాళ రాయగలుగుతున్నానంటే మిగతా తరగతులు ఆవిడ మా గుమ్మంలో కూర్చుని చెప్పింది కాబట్టి. ఆవిడ పోయిన సంగతి నాకు ఆర్నెల్ల తర్వాత, ఎవరో రాసిన కార్డు మీద తెలిసింది. అప్పటికి ఏడవడానికి కూడా ఆలస్యమైపోయింది.

చోడవరంలో మా ప్రార్థన గుడికి ఎదురుగా ఒక గది తీసుకుని ఉండేది. తెల్లచీర, నల్లగొడుగు. గొడుగు గుడ్డ చిరిగిన చోట నీలం ముక్క వేసి కుట్టుకుంది. చెప్పులు ఉండేవి గాని కాళ్లకి కాదు, చేతిసంచీలో. దేవరాపల్లి దారైనా రోలుగుంట దారైనా వట్టి కాళ్లతో నడిచి, ఊరి మొదట్లో ఆగి, కాళ్లు తుడుచుకుని అప్పుడు తొడుక్కునేది. ఒకసారి నేను అడిగాను కూడా.

"దారిలో ఎవరు సూస్తారే? మనుషుల దగ్గరికి ఎల్లినప్పుడు గదా మర్యాద. ముళ్లకి, రాళ్లకి మర్యాదేటి?" అంది.

ఆవిడకి ముక్కే కళ్లు. మా ఇంట్లోకి అడుగు పెట్టకముందే, "ఇవేళ పప్పు అడుగంటించేవు గదే" అనేది. పసిపిల్లని ఎత్తుకుంటే ముందు నెత్తి వాసన చూసేది. జ్వరం రాబోతోందో లేదో చెప్పేది. చాలాసార్లు నిజమయ్యేది.

పొయ్యి దగ్గర ప్రార్థన చేస్తే కళ్లు మూసేది కాదు. అదేమిటండీ అంటే, "మూస్తే పొంగిపోతాది. పొయ్యి మీద గిన్నె ఉందని ఆయనకి తెల్దేటి?" అనేది.

అది యాభైల్లో మాట. మద్యనిషేధం ఉన్న రోజులు. సారా ఎక్కడా అమ్మకూడదు, ఎక్కడ పడితే అక్కడ దొరికేది. దొరకనిది మా గుడికి కావలసిన ద్రాక్షరసమే. నెలకి ఒక ఆదివారం మా గుడిలో బల్ల జరిగేది. అంటే ప్రభువు ఆఖరి భోజనం తలుచుకుని అందరూ ఒక రొట్టెలో ముక్క తిని, ఒకే కప్పులో రసం తాగడం. పట్నంలో పెద్ద గుళ్లకి సీసాల్లో వస్తుందని చెప్పుకునేవారు. మా గుడి పెంకుటిల్లు, నలభై మంది జనం. పచ్చి ద్రాక్షగుత్తి అన్నది మా వాళ్లలో ఎవరూ కళ్లారా చూసి ఎరగరు. ఎండుద్రాక్ష నానబెట్టి, పిసికి, వడగట్టి, ఒక పొంగు రానిచ్చి దించితే అదే మా ద్రాక్షరసం. ఆ పని బైబిలమ్మది. కొనడం దగ్గర్నుంచీ ఆవిడదే.

ఏడాదికి సరిపడా ఎండుద్రాక్ష ఆవిడ ఒక్కసారే, వేసవి చివర్లో కొనేది. మిగతావాళ్లు కొత్త సరుకు కోసం చూస్తారు. ఈవిడ పాత సరుకు కోసం చూసేది. రెండేళ్లు వరసగా నన్ను వెంట తీసుకెళ్లింది. చోడవరం బజారులో సావుకారు కొట్టు మెట్టెక్కి, చెప్పులు తొడుక్కుని, గొడుగు ముడిచేది.

"ఏం సావుకారూ, ఆ అడుగు డబ్బా తియ్యి."

"అవి బాగోవండి అమ్మగారూ. తెల్లబడిపోయేయి. మీ దేవుడికి మంచివి ఇస్తాను."

"మా దేవుడు నాలిక మీద సూస్తాడు బాబూ, కంటితో కాదు. తియ్యి."

మూడు కాయలు తీసుకునేది. ఒకటి వాసన చూసేది. ఒకటి వేళ్లతో నొక్కి చెవి దగ్గర పెట్టుకునేది, లోపల పంచదారలాగా కరకరమంటుందో లేదో అని. మూడోది నోట్లో వేసుకుని, బజారు వైపు చూస్తూ, తొందర లేకుండా నమిలేది. సావుకారు ఆవిడ దవడ వైపే చూసేవాడు.

"రేపో మాపో మబ్బు దిగుతాది. సెమ్మ తగిలిందంటే ఇవి ముద్దయిపోతాయి. అప్పుడు నువ్వు ఊరికినే ఇస్తానన్నా నాను పుచ్చుకోను. ఇప్పుడైతే కొంటాను."

"మీరు కొనడానికి ఒచ్చేరో బెదిరించడానికి ఒచ్చేరో తెల్దండి" అని నవ్వుతూ తూకం వేసేవాడు. మొగ్గు మాత్రం ఆవిడ వైపే ఉండేది.

తిరుగుదారిలో నాతో, "సవకది కొనకే. తక్కువకి దొరికిన మంచిది కొను. ఆ రెండూ ఒకటి కావు" అనేది. ఇన్నేళ్లుగా నా సంసారం ఆ మాట మీదే నడిచింది. మా ఇంట్లో నన్ను పిసినారి అంటారు. అననీ.

రసం తీయడంలో ఆవిడకి ఒక్కటే పట్టుదల. చలికాలం రెండు రోజులు ముందు తీసినా ఊరుకునేది గాని, వేసవి చివర మాత్రం ముందురోజు దీపాలవేళ నానబెట్టాలి, తెల్లవారి తీయాలి, ఆ పూటే అయిపోవాలి. "ఈ ఎండలో రసానికి ఒక్క పూటే ఆయుస్సు" అనేది. పిండగా మిగిలిన పిప్పి పారేయనిచ్చేది కాదు. బాలింత ఉన్న ఇంటికి ఆకులో కట్టి పంపేది, ఆ ఇల్లు ఏ దేవుడిదైనా సరే.

ఇక మా ఆయన సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఆవిడ సంగతి సగమే చెప్పినట్టు.

మా ఆయన బెల్లం వండే పాకలో పాకం చూసే మనిషి. చెరకురసం పెద్ద పెనంలో మరుగుతుంటే, ఏ నిమిషానికి దించాలో చెప్పాలి. కాస్త ముందైతే బెల్లం జారిపోతుంది, కాస్త వెనకైతే నల్లబడి చేదెక్కుతుంది. ఆయన చెప్పిన నిమిషం తప్పేది కాదని రైతులు బండి కట్టి మరీ తీసుకెళ్లేవారు. చెరకు రోజులు అయిపోయాక పని లేదు. పని ఉన్నప్పుడు రాత్రిపూటే తాగేవాడు, లేనప్పుడు పొద్దున్నించీ. అదే బెల్లాన్ని ఊరబెట్టి కాచిన సారా. ఆయన తాగి కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు, నవ్వేవాడు. ఇంట్లో గింజ లేకపోయినా నవ్వేవాడు. సంఘం పెద్దలు రెండుసార్లు పిలిచి చెప్పి, మూడోసారి బల్లకి రావద్దన్నారు. రెండేళ్లు. గుడికి వచ్చేవాడు, వెనక గోడకి ఆనుకుని కూర్చునేవాడు. కప్పు వస్తుందనగా లేచి బయటికి పోయేవాడు. నేను ఆడవాళ్ల వైపు కూర్చుని, ఆయన చెప్పులు తొడుక్కునే చప్పుడు విని తల వంచుకునేదాన్ని. ఆకలి కన్నా ఆ చప్పుడు నన్ను ఎక్కువ కాల్చింది.

బైబిలమ్మ ఆ రెండో ఏడాది చెరకు రోజుల్లో వారానికోసారి పాక దగ్గరికి వెళ్లి కూర్చునేది. తాగుడు మాట ఎత్తేది కాదు. బెల్లం సంగతులే అడిగేది.

"పాకం దిగిందని ఎలగ తెలుస్తాది నాయినా?"

"వాసన మారతాదండి."

"ఎలగ మారతాది?"

ఆయన చెప్పలేక చెప్పేవాడు. మొదట పచ్చిగడ్డి వాసన, తర్వాత పాలు కాగినట్టు, ఆఖర్న వేపిన పెసలలాగా. ఆవిడ పెనం మీదికి వంగి వాసన పట్టి, "ఇప్పుడు పాలా?" అనేది. "ఇంకా గడ్డేనండి" అనేవాడు. వారం వారం ఇదే. చివరికి ఆయనే ఉండబట్టలేక అడిగాడట.

"అమ్మగారూ, నన్ను తాగొద్దని మీరెందుకు సెప్పరు?"

"పెద్దలందరూ సెప్పేరు గదా. నువ్వు సెవిటోడివేటి?"

"కాదండి."

"మరి నాను కొత్తగా సెప్పేదేటి? ఒకటే. నీ ముక్కులాంటి ముక్కు ఈ సుట్టుపక్కల నాదొక్కటే ఉంది. నీది సెడిపోయిందంటే నానొక్కర్తినే అయిపోతాను."

ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఆ మాట చెప్పి ఆయన చాలాసేపు నవ్వాడు. తాగకుండా నవ్వడం నేను చూసి ఎన్నాళ్లో అయింది. ఆ రోజు నుంచి మానేశాడు. చెరకు అయిపోయింది, పని అయిపోయింది, ఎండలు ముదిరాయి. అయినా తాగలేదు. అప్పుడు సంఘం పెద్దలు ఒప్పుకున్నారు. వచ్చే బల్ల ఆదివారం లేచి నిలబడి, మానేశానని అందరి ముందూ సాక్ష్యం చెప్పి, అందరితో కలిసి కప్పు అందుకోవచ్చన్నారు.

సరిగ్గా ఆ వారమే బైబిలమ్మకి దేవరాపల్లిలో ఆడవాళ్ల కూటాలు వచ్చాయి. ఆదివారం పొద్దున మొదటి బస్సుకి గాని రాలేదు. బుధవారం వెళ్తూ వెళ్తూ, ఏడాది సరుకు ఇంకా కొనలేదు కనక ఆ ఒక్క బల్లకి కొని తెచ్చిన ఎండుద్రాక్ష మూట నా చేతిలో పెట్టింది.

"శనివారం దీపాలేళకి నానబెట్టు. ముందు కాదు. ఇంకేటీ కలపకు. నాను ఒచ్చి పిండుతాను."

ఇంత తేలిక పని నేను పాడుచేశాను. ఎలా చేశానో దాచకుండా రాస్తాను.

శనివారం నాకు బట్టలు ఉతికే పని ఉంది. కనక శుక్రవారం పొద్దున్నే నానబెడదాం అనుకున్నాను, ఎక్కువ నానితే ఎక్కువ రసం దిగుతుంది కదా అని. మూట విప్పి చూస్తే ఇన్ని కాయలెందుకు అనిపించింది. సగం వేసి, తీపి తగ్గకుండా బెల్లంముక్క వేస్తే చాలదా? ఇంట్లో ఆ ఏడాది బెల్లం ఉంది, మా ఆయన దించిన పాకమే. ఆయన చేతి బెల్లం ప్రభువు కప్పులో పడితే మంచిదే కదా అని కూడా అనుకున్నాను. మిగతా సగం ద్రాక్ష సావుకారికి తిరిగి ఇచ్చేసి, సంఘం డబ్బు సంఘానికి మిగిల్చానని ఆ డబ్బులు కొంగున ముడేసుకున్నాను. బైబిలమ్మ మెచ్చుకుంటుందని ఆశ. నానబెట్టడానికి మూత సరిగా ఉన్న కుండ ఒక్కటే ఉంది, తరవాణి కుండ. రాత్రి మిగిలిన అన్నంలో గంజి పోసి పులియబెట్టి పొద్దున్నే తాగుతామే, ఆ కుండ. బూడిదతో మూడుసార్లు తోమాను. ఎండలో బోర్లించాను. కుండ గోడలో ఏళ్ల తరబడి దిగిన పులుపు బూడిదకి పోతుందా? ఆ ఆలోచన నాకు రాలేదు.

ఆదివారం పొద్దున మూత తీస్తే పైన తెల్లటి నురగ. చుయ్ మని సన్నటి చప్పుడు. వేలు ముంచి నాలిక మీద రాసుకున్నాను. చురుక్కుమంది. నేను సారా తాగి ఎరగను, పచ్చి ద్రాక్ష తిని ఎరగను. అసలు ద్రాక్ష ఇలాగే ఉంటుంది కాబోలు, ఈసారి బాగా కుదిరింది అనుకున్నాను.

మా ఆయన స్నానం చేసి, ఉతికిన పంచె కట్టి, చొక్కా తొడుక్కుంటూ లోపలికి వచ్చాడు. గడపలోనే ఆగిపోయాడు.

"ఏటది?"

"ప్రభువు రసం."

"ఇది నాకు తెలిసిన వాసనే."

నాకు అర్థం కాలేదు. ఆయన అడుగు ముందుకి వేయలేదు.

"నన్ను పరీచ్చ సెయ్యడానికి సేసేవేటే?"

"నానెందుకు సేస్తాను మావా? బెల్లంముక్క ఏసేను, అంతే. నువ్వు వొండిందే."

"ఇది నాలిక మీద పడిందంటే సాయంత్రానికి నానెక్కడుంటానో నాకు తెల్దు. నాను రాను."

చొక్కా విప్పి కొయ్యకి తగిలించి వెళ్లిపోయాడు. కోప్పడి ఉంటే బాగుండేది. భయపడి వెళ్లాడు.

నేను ఆ కుండ ముందే కూలబడి ఉండగా బస్సు దిగి బైబిలమ్మ వచ్చింది. గుమ్మం అవతలే నిలబడి ముక్కు ఎగబీల్చింది.

"ఎప్పుడు నానబెట్టేవు?"

"శుక్రోరం అండి."

"ఏటి కలిపేవు?"

"బెల్లం."

"ఏ కుండ?"

"తరవాణిది. బాగా తోమేనండి."

ఆవిడ మెట్టు మీద కూర్చుంది. సంచీ ఒళ్లో పెట్టుకుంది. "ఒసే గుంటా, ఇది ఏటో తెలుసా నీకు?"

"ద్రాక్షరసమేనండి."

"కాదు. మీ ఆయన మానేసినది."

అప్పటికి అర్థమైంది నాకు. ఆయన వెళ్లిపోయాడని చెప్పాను. ఆవిడ తిట్టలేదు. లేచి, "పెంటకుప్ప మీద పొయ్యి" అంది. నేను కుండ ఎత్తాను గాని వంచలేకపోయాను. అంత సరుకు నా చేత్తో ఎప్పుడూ పారబోయలేదు.

"సెయ్యి రాదు నీకు, తెలుసు. అయినా పొయ్యి."

పోశాను. కుండ కూడా పగలగొట్టబోతే చెయ్యి పట్టుకుంది. "కుండేటి సేసింది? తరవాణికి ఉంచు. మిగతా ద్రాక్ష ఏది?"

కొంగు ముడి విప్పి డబ్బులు చూపించాను. ఆవిడ డబ్బుల వైపు చూసి, నా వైపు చూసి, "నిన్ను మెచ్చుకోవాలో తన్నాలో తెల్దు నాకు. నడు" అంది.

సావుకారు కొట్టుకి తాళం. చీడికాడలో పెళ్లికి వెళ్లాడట, తాళంచెవి మొలతాడుకి కట్టుకుని. నేను తిరిగిచ్చిన ద్రాక్ష ఆ తలుపు వెనకే ఉంది. కొట్టు వెనక ఇంట్లో ఆయన తల్లి, ముసలావిడ, అప్పుడే స్నానం చేసి మడి కట్టుకుని పూజకి సర్దుకుంటోంది. వాకిట్లో నిలబడి అడిగాం.

"గుప్పెడు ఎండుద్రాక్ష ఉంటే ఇప్పించండి పెద్దమ్మా."

ముసలావిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "మొన్ననే గదే తిరిగి తెచ్చి పడేసేవు. కిరస్తానపోళ్ల దేవుడికి ద్రాక్ష మొహం మొత్తిందేటో అని మావోడు నవ్వుకున్నాడు."

నేను ఏదో సాకు చెప్పబోయాను. బైబిలమ్మ అడ్డుపడింది.

"ఈ గుంట పాడుసేసిందమ్మా. రసం పులిసిపోయింది. ఇవేళ ఒక మనిషి రెండేళ్ల తరవాత మా బల్ల దగ్గరికి రావాల. పులిసినదైతే ఆడు రాడు. రాకూడదు కూడాను."

"ఎవడు? ఆ పాకం దింపేవోడా?"

"ఆడే."

"మానేసేడా?"

"మానేసేడు."

ముసలావిడ మడిచీర కొంగు సర్దుకుంది. "మా రెండోవోడు మాన్లేదు" అంది. "అలాగే పోయేడు."

లోపలికి వెళ్లి చిన్న ఇత్తడి గిన్నెతో వచ్చింది. నిండా ఎండుద్రాక్ష. అది పూజగదిలోంచి తెచ్చిందని నాకు గంధం వాసనకే తెలిసింది. బైబిలమ్మ కొంగు పట్టలేదు. మాకు అదొక చిక్కు. వేరే దేవుడికి పెట్టినది మా బల్ల మీదికి రాకూడదు. కాదనడం ఎలాగో ఆవిడకి తోచినట్టు లేదు. ముసలావిడే అంది.

"నాకు తెల్దేటి మీకు పనికిరాదని? ఇంకా పెట్టలేదు. పెట్టబోతన్నాను. పట్టు. మా సామికి ఇవేళ బెల్లంముక్క సాలు."

మడిలో ఉంది కనక మమ్మల్ని తాకకుండా పైనుంచి బైబిలమ్మ కొంగులోకి జారవిడిచింది. ఒక్క కాయ కింద పడలేదు. నేను కొంగున ఉన్న డబ్బులు తీస్తే, "మావోడు ఒచ్చేక ఆడికియ్యి, నాకెందుకు" అని లోపలికి తిరిగింది.

"మీ రెండో అబ్బాయి పేరు ఏటమ్మా?" అని బైబిలమ్మ అడిగింది. ముసలావిడ వెనక్కి తిరక్కుండానే చెప్పింది. బైబిలమ్మ ఆ పేరు రెండుసార్లు నోట్లోనే అనుకుంది. నాకు తెలిసి ఆ తర్వాత ఆవిడ ప్రార్థనల్లో ఆ పేరు మానలేదు.

నానబెట్టే వ్యవధి లేదు. వేణ్ణీళ్లు పోసి, రోట్లో నలగ్గొట్టి, పాత పంచెలో పిండి, పొయ్యి మీద పెట్టాం. గుడిలో పాటలు మొదలయ్యాయి. మంట ఎక్కువై అడుగు కాస్త మాడింది కూడా. వడగట్టి చూస్తే చెంబు సగానికి కొంచెం పైన. నలభై మందికి. ఆవిడ అందులోంచి రెండు చెంచాలు గిన్నెలో పోసి నా చేతిలో పెట్టింది.

"తీసికెళ్లు. పాక దగ్గరే ఉంటాడు. బతిమాలకు. వాసన సూడమను, అంతే."

నేను గిన్నె మీద ఆకు మూసి, కొయ్యకున్న చొక్కా చంకలో పెట్టుకుని పొలాల అడ్డదారిన పరిగెత్తాను. పాకలో బోర్లించిన పెనం నీడలో కూర్చున్నాడు. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు.

"మళ్లీ ఏటి?"

"అమ్మగారు వాసన సూడమన్నారు."

గిన్నె ఆయన ముందు పెట్టి దూరంగా నిలబడ్డాను. చాలాసేపు ముట్టలేదు. తర్వాత ఆకు తీసి వంగాడు. కళ్లు మూసుకున్నాడు. పెనం దగ్గర నిలబడేటప్పుడు ఎలా ఉండేవాడో అలా అయిపోయాడు.

"బెల్లం లేదు."

"లేదు."

"ఇప్పుడే దింపేరు."

"ఊఁ."

"అడుగు మాడింది."

"తొందరలో మాడిపోయింది మావా."

కళ్లు తెరిచాడు. "సొక్కా తెచ్చేవేటి?"

మేము వెళ్లేసరికి సగం ఆరాధన అయిపోయింది. ఆలస్యానికి కారణం పాస్టరుగారు అప్పటికే అడిగారట. "ఎండలు గదండి, ముందు తీసింది నిలవ లేదు. మళ్లీ తీసేం" అని మాత్రం చెప్పిందట బైబిలమ్మ. నా పేరు రాలేదు. ఆ రోజే కాదు, ఎన్నడూ రాలేదు. ఇన్నేళ్లకి నేనే రాసుకుంటున్నాను. రసం కొంచెమే ఉంది కనక పెదవి తడుపుకుంటే చాలని కూడా పాస్టరుగారు అందరికీ చెప్పారట. ఆ మాట మేము రాకముందే అయిపోయింది.

మా ఆయన లేచి సాక్ష్యం చెప్పాడు. పెద్దగా ఏమీ లేదు. "నాను తాగేవోణ్ణి. మానేసేను. ఇవేళ పొద్దున కూడా బయమేసింది" అన్నాడు. కూర్చున్నాడు.

కప్పు మగవాళ్ల వైపు నుంచి బయల్దేరింది. ఒక్కొక్కరూ పెదవికి ఆనించి పక్కకిచ్చేస్తున్నారు. ఆయన చేతికి వచ్చింది. రెండు చేతులతో పట్టుకుని, రెండేళ్ల తర్వాత, గుక్క వేశాడు. నిండు గుక్క. గొంతు దిగిన చప్పుడు నాకు ఆడవాళ్ల వైపుకి వినిపించింది. పక్కనున్న సంఘ పెద్ద చెయ్యి చాపి కప్పు లాక్కున్నంత పని చేశాడు. నా దగ్గరికి వచ్చేసరికి కప్పు బాగా వంచాల్సి వచ్చింది. నాలిక చివర తడి తగిలింది. నా తర్వాత ఇంకా ముగ్గురు. ఆఖరు బైబిలమ్మ. కప్పు నిలువునా ఎత్తి పట్టుకుంది. నేను పక్కనుంచి ఆవిడ మెడ వైపే చూస్తున్నాను. గొంతు కదల్లేదు.

కప్పు దించి, కొంగుతో తుడిచి, బల్ల మీద పెట్టింది.

ఆరాధన అయ్యాక సంఘ పెద్ద మా ఆయన్ని పక్కకి పిలిచి ఏదో అన్నాడు. ఆయన మొహం మాడిపోయింది. అందరూ వెళ్లేదాకా ఉండి, గుమ్మం దగ్గర గొడుగు విప్పుతున్న ఆవిడ ముందుకి వచ్చి నిలబడ్డాడు. నేను వెనక.

"అమ్మగారూ, మీ వంతు నాను తాగేసేనంట. నాకు తెల్దండి."

ఆవిడ గొడుగు మళ్లీ ముడిచింది.

"అలాగా. మరి ఎలగుంది?"

ఆయన నా వైపు చూశాడు. ఆవిడ ఎగతాళి చేస్తోందేమో అనుకున్నాడు. కాదు. నిజంగానే అడిగింది. జవాబు కోసం ఆగింది.

"మొదట్లో ఏడినీళ్లలాగుందండి" అన్నాడు ఆయన, నెమ్మదిగా. "తరవాత తీపి. బెల్లం తీపి కాదు, ఇంకా పల్చటిది. ఆఖర్న కొంచెం మాడు."

"గంధం?"

ఆయన ఆలోచించాడు. "ఉందండి. సన్నగా."

"ఊఁ" అంది బైబిలమ్మ. పెదవులు ఒకసారి తడుపుకుంది. "బాగుంది."